డిపాజిట్లు ఇక్కడ - కొలువులు ఎక్కడ?

శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు అనే పేరు ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలకు తెలియదు. వాళ్ల నాన్నలకు తెలుసు. పలాసలో జీడిపప్పు వ్యాపారం పెట్టుకున్నవాడికి, సాలూరు వైపు ఎడ్ల జత కొన్నవాడికి, చోడవరంలో చెరకు వేసినవాడికి అప్పు పుట్టిన చోటు అది. 1976 నాటి ప్రాంతీయ గ్రామీణ బ్యాంకుల చట్టం కింద, స్టేట్ బ్యాంకు అండతో నడిచింది. హెడ్డాఫీసు ఎక్కడో కాదు, శ్రీకాకుళంలోనే. ఉత్తరాంధ్ర మూడు జిల్లాల డబ్బును ఉత్తరాంధ్రలోనే కూర్చుని లెక్కపెట్టిన బ్యాంకు అది.

2006 మార్చి 31న ఆ బోర్డు దించేశారు. నాగార్జున, కాకతీయ, సంగమేశ్వర, మంజీర గ్రామీణ బ్యాంకులతో దాన్ని కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అన్నారు. హెడ్డాఫీసు వరంగల్‌కు పోయింది. మధ్యలో గోదావరి జిల్లాలు లేవు, కృష్ణా లేదు. ఇటు చివర మూడు జిల్లాలు, అటు తెలంగాణలో అయిదు జిల్లాలు. మ్యాపు చూసి చేసిన పనేనా ఇది అని అప్పట్లోనే ఉద్యోగులు అడిగారు. సమాధానం చెప్పినవాడు లేడు.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. సచివాలయం ఫైళ్లు పంచుకున్నారు, పోలీసు జీపులు పంచుకున్నారు, బస్సులు పంచుకున్నారు. ఈ బ్యాంకును పంచడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పదేళ్లకు పైగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ రైతుల గ్రామీణ బ్యాంకు హెడ్డాఫీసు పక్క రాష్ట్రంలో ఉండిపోయింది. చివరకు 2025 జనవరి 1న తెలంగాణలోని శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. హమ్మయ్య, ఇకనైనా మన బ్యాంకు మనకొస్తుందని అనుకునేలోపే మే 1 వచ్చింది. ‘ఒక రాష్ట్రం - ఒక గ్రామీణ బ్యాంకు’ పేరుతో రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకుల్నీ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేశారు. ప్రాయోజక బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా. హెడ్డాఫీసు అమరావతి.

శ్రీకాకుళం నుంచి వరంగల్, వరంగల్ నుంచి అమరావతి. ఇరవై ఏళ్లు తిరగకుండానే మన బ్యాంకు రెండుసార్లు ఊరు మారింది. ఒక్కసారీ మన ఊరు రాలేదు.

హెడ్డాఫీసు ఎక్కడుంటే ఏమిటి, ఊళ్లో బ్రాంచి ఉంది కదా అనేవాళ్లున్నారు. బ్యాంకులో పనిచేసినవాళ్లను అడగండి, చెబుతారు. హెడ్డాఫీసు అంటే ఒక బిల్డింగు కాదు. పర్సనల్ డిపార్ట్‌మెంటు, ఆడిట్, లీగల్ సెల్, కంప్యూటర్ విభాగం, శిక్షణ కేంద్రం అక్కడే ఉంటాయి. ఏ ఊళ్లో కొత్త బ్రాంచి తెరవాలో, ఏ బ్రాంచికి క్లర్కును ఇవ్వాలో, ఏ బ్రాంచిని మూసి పక్కదానిలో కలపాలో అక్కడే తేలుస్తారు. వాటి చుట్టూ చార్టర్డ్ అకౌంటెంట్లు, వకీళ్లు, స్టేషనరీ అచ్చువేసేవాళ్లు, టాక్సీ తోలేవాళ్లు, క్యాంటీన్ నడిపేవాళ్లు బతుకుతారు. ఉద్యోగంలో ఉండగా భర్త పోయిన మందస మహిళ కారుణ్య నియామకం ఫైలు ఎక్కడుందో కనుక్కోవాలంటే ఒకప్పుడు శ్రీకాకుళం బస్సెక్కితే చాలు. ఆ తర్వాత రాత్రంతా రైల్లో కూర్చుని వరంగల్ వెళ్లాల్సివచ్చింది.

గ్రామీణ బ్యాంకులో కేంద్రానికి 50 శాతం, ప్రాయోజక బ్యాంకుకు 35 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 15 శాతం వాటా ఉంటుంది. ఈ 15 శాతం మాట మన ఎమ్మెల్యేలలో ఎంతమందికి తెలుసో మాకు అనుమానమే. తెలిసినవాళ్లు ఉంటే, హెడ్డాఫీసు కదిలిన రెండుసార్లలో ఒక్కసారైనా అసెంబ్లీలో లేచి నిలబడి ఉండాల్సింది.

ఇక ఆంధ్రా బ్యాంకు సంగతి. ఇది ఉత్తరాంధ్ర కథ మాత్రమే కాదు, తెలుగువాళ్లందరి కథ. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన బ్యాంకు. లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో మొదలై, 1980 ఏప్రిల్‌లో రెండో విడత జాతీయకరణలో ప్రభుత్వపరమై, 2,800కు పైగా శాఖలదాకా ఎదిగింది. శ్రీకాకుళం జిల్లాకు లీడ్ బ్యాంకు అదే. గాజువాకలో, కూర్మన్నపాలెంలో ఉక్కు కార్మికుడి జీతం పడ్డ ఖాతాల్లో ఎన్నో దానివే. 2019 ఆగస్టు 30న ఢిల్లీలో ఒక పత్రికా సమావేశంలో దాన్ని యూనియన్ బ్యాంకులో కలుపుతున్నామన్నారు. ఉద్యోగ సంఘాలు అక్టోబర్ 22న సమ్మె చేశాయి. పేరైనా ఉంచండి అని అడిగారు. ఉంచలేదు. 2020 ఏప్రిల్ 1న, లాక్‌డౌన్‌లో జనం ఇళ్లలో తలుపులు వేసుకుని ఉన్నప్పుడు, తొంభై ఆరేళ్ల బ్యాంకు పోయింది. కార్పొరేట్ ఆఫీసు హైదరాబాద్ నుంచి ముంబైకి ఎగిరిపోయింది.

1966లో ఉక్కు కర్మాగారం కోసం ఈ జాతి ఎలా లేచిందో పెద్దలు చెబుతుంటే వింటున్నాం. 32 మంది ప్రాణాలిచ్చారు. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని గోడల మీద రాసినవాళ్ల మనవలే ఇవాళ బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నారు. ఆంధ్రా బ్యాంకు పోయిన రోజున ఆ గోడల మీద ఒక్క అక్షరం పడలేదు. కరోనా అని సర్దిచెప్పుకుందాం. మరి దానికి ముందు ఏడు నెలల టైముంది కదా! ఆ ఏడు నెలలూ మేమేం చేశామని మమ్మల్ని మేమూ అడుక్కోవాలి. యూనియన్ల పని యూనియన్లది, ఉద్యమం పని ఉద్యమానిది అని పక్కకు తప్పుకున్నాం.

విలీనాలప్పుడు ఆర్థికమంత్రి ఒక్క ఉద్యోగం కూడా పోదు అన్నారు. ఆ మాట తప్పు కాదు, ఎవరినీ గెంటలేదు. అయితే ఉద్యోగం పోవడానికి ఇంకో దారి ఉంది. రిటైరైనవాడి కుర్చీని తీసి గోడవారకు నెట్టేయడం. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ పేరిట ప్రభుత్వ బ్యాంకుల నుంచి దాదాపు లక్షమందిని ఇంటికి పంపినప్పుడు మొదలైంది ఈ పని. ఆ తర్వాత ఎదురెదురుగా ఉన్న రెండు బ్రాంచీలు విలీనంలో ఒకటయ్యాయి, రెండు ఖజానాలు ఒకటయ్యాయి, ఇద్దరు మేనేజర్లు ఒకరయ్యారు. 2017లో 27 ఉన్న ప్రభుత్వ రంగ బ్యాంకులు 2020కి 12 అయ్యాయి. అనుబంధ బ్యాంకుల్ని మింగిన తర్వాత 2018 మార్చిలో స్టేట్ బ్యాంకు సిబ్బంది 2 లక్షల 64 వేలు. 2024 మార్చికి 2 లక్షల 32 వేలు. వ్యాపారం పెరిగింది, ఖాతాలు పెరిగాయి, లాభం పెరిగింది. మనుషులు 32 వేలమంది తగ్గారు. వీళ్లలో ఎవరినీ తొలగించలేదు. వాళ్ల స్థానంలో రావలసిన వాళ్లే రాలేదు. ఆ రానివాళ్లలో మన ఎంవీపీ కాలనీ, గాజువాక కోచింగ్ సెంటర్ల పిల్లలూ ఉన్నారు.

ప్రైవేటు బ్యాంకుల్లో బోలెడు ఉద్యోగాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2023-24లో ప్రైవేటు బ్యాంకుల సిబ్బంది సంఖ్య ప్రభుత్వ బ్యాంకుల్ని దాటిపోయిందని రిజర్వు బ్యాంకే 2024 డిసెంబర్ నివేదికలో చెప్పింది. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. ఆ ప్రైవేటు బ్యాంకుల్లో ఏడాదికి సగటున పాతిక శాతం మంది ఉద్యోగం వదిలిపోతున్నారట! నలుగురిలో ఒకరు. మంచి ఉద్యోగమైతే అంతమంది వదులుకుంటారా? ద్వారకానగర్లో, డాబా గార్డెన్స్‌లో మెడలో ట్యాగు వేసుకుని బైకు మీద తిరిగే కుర్రాళ్లను ఆపి అడగండి. నెల టార్గెట్టు ఎంత, అందకపోతే మేనేజరు ఏమంటాడు, ఆదివారం ఫోన్ ఎన్నిసార్లు మోగింది? అమ్మానాన్నల పేరు మీద పాలసీ, మేనమామ పేరు మీద క్రెడిట్ కార్డు, ఫ్రెండు పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్. చుట్టాలు అయిపోయేసరికి ఉద్యోగమూ అయిపోతుంది.

మరి ప్రభుత్వ బ్యాంకు కౌంటరు దగ్గర ఎలా ఉంది? నెల మొదటి వారంలో ఏజెన్సీ మండలాల్లోని ఒక బ్రాంచికి మా మిత్రుడొకరు వెళ్లారు. నాలుగు కౌంటర్లున్న హాల్లో ఒకటే నడుస్తోంది. పాస్‌బుక్ ప్రింటరుకు కాగితం అంటించి ‘పనిచేయదు’ అని రాశారు. ముసలివాళ్లను బయట బ్యాంకు మిత్ర దగ్గరకు పొమ్మంటున్నారు. ‘మిసన్ మీద ఏలెడితే పడ్నేదు బాబూ, మల్లీ రేపు రమ్మంతన్నాడు’ అందట ఒక అవ్వ. జీవితమంతా పోడు చేసి అరిగిన వేలు అది, మిషను గుర్తుపట్టలేదు. లోపల ఉన్న ఆఫీసరు కుర్రాడిది ఉత్తరాది. తెలుగు రాదు, కువి అసలే రాదు. అతన్ని మేం తప్పుపట్టం. మన పిల్లలూ అస్సాంలో, బీహార్లో ఇలాగే భాష రాక నానా తంటాలు పడుతున్నారు. ఆఫీసరు పోస్టుకు దేశమంతా ఒకటే పరీక్ష పెట్టి, మనిషిని ఎక్కడికైనా విసిరే పద్ధతిది ఆ తప్పు. ఆ బ్యాంకు మిత్ర కూడా మన ఊరి కుర్రాడే. బ్యాంకు పనంతా చేస్తాడు, బ్యాంకు ఉద్యోగి మాత్రం కాదు. లావాదేవీకి ఇంత అని కమిషన్, అంతే. ఒకప్పుడు క్లర్కు చేసిన పనే ఇది. జీతం, పెన్షన్, సెలవు, యూనియన్ మాత్రం తీసేసి ఇచ్చారు.

గ్రామీణ బ్యాంకులు పెట్టినప్పుడు ఉద్దేశం ఇది కాదు. ఆ ఊరి భాష తెలిసిన, ఆ ఊరి మనిషిని పెట్టుకోవాలన్నదే ఆలోచన. జీతం మాత్రం తక్కువ ఇచ్చారు. దాని మీద ఉద్యోగులు ఏళ్ల తరబడి పోరాడితే 1990లో జస్టిస్ ఓబుల్ రెడ్డి ట్రిబ్యునల్ వాణిజ్య బ్యాంకులతో సమాన జీతం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అలా కొట్లాడి సాధించుకున్న ఉద్యోగాన్ని ఇవాళ చిల్లర కమిషన్‌కు దించారు.

బీమా సంగతి మరీ విడ్డూరం. ఇక్కడా బందరు పట్టాభి గారి పేరే ముందు చెప్పాలి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956 సెప్టెంబర్ 1న 245 కంపెనీలు, సొసైటీలు కలిసి ఎల్ఐసి అయినప్పుడు అదీ అందులో కలిసింది. దాన్ని తప్పు అనం. ప్రైవేటు కంపెనీలు పాలసీదారుల్ని ముంచుతున్న రోజులవి, జాతీయకరణ అవసరమే. 1973లో సాధారణ బీమాను జాతీయం చేసి నాలుగు కంపెనీలు చేశారు. నాలుగింటి హెడ్డాఫీసులు కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, చెన్నై. తెలుగు నేలకు ఒక్కటీ దక్కలేదు. ఎల్ఐసికి విశాఖలో డివిజన్ ఉంది, జోన్ మాత్రం హైదరాబాద్. పోర్టుకు వచ్చే ప్రతి ఓడకూ, దిగే ప్రతి సరుకుకూ, షిప్‌యార్డులో మరమ్మతుకొచ్చిన ప్రతి నౌకకూ బీమా ఉండాలి. 1933 నుంచి నడుస్తున్న రేవు మనది. మెరైన్ ఇన్సూరెన్సులో పెద్ద నిర్ణయం ఏదీ ఈ ఊళ్లో జరగదు. సర్వేయరు ఇక్కడివాడే అయినా సంతకం ఇంకెక్కడో పడుతుంది.

ప్రైవేటు బీమాకు 2000లో తలుపులు తీసినప్పుడు విదేశీ వాటా 26 శాతమే అన్నారు. 2015లో 49 చేశారు, 2021లో 74 చేశారు, నూరు శాతం చేస్తామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. 2022 మేలో ఎల్ఐసిలో 3.5 శాతం షేర్లు అమ్మేశారు. ఇంత జరిగినా జనం చేతిలో పాలసీ పెట్టేది ఏజెంటే. దేశంలో ఎల్ఐసి ఉద్యోగులు లక్షకు అటూఇటూగా ఉంటే ఏజెంట్లు పదమూడు లక్షలకు పైమాటే. ఈ ఏజెంటును ఏ లెక్కలో వేయాలి? ప్రభుత్వం ఉపాధి లెక్కల్లో వేసుకుంటుంది. జీతం ఇమ్మంటే మాత్రం అతను ఉద్యోగి కాదంటుంది. 2024 అక్టోబర్ నుంచి కొత్త నిబంధనలు వచ్చాక మొదటి ఏడాది కమిషన్‌ను 35 నుంచి 28 శాతానికి తగ్గించి, రెన్యువల్ మీద 5 నుంచి 7.5 శాతానికి పెంచారు. పాత ఏజెంటుకు ఇది కొంత నయమే. ఈ ఏడాది కొత్తగా చేరిన నర్సీపట్నం నిరుద్యోగికి రెన్యువల్ ఎక్కడినుంచి వస్తుంది?

ఉక్కు నగరంలో బీమా అంటే జీతం నుంచి కోత. నెలనెలా జీతంలోంచే ప్రీమియం మినహాయించి కట్టే పద్ధతి పోర్టులో, స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డులో తరాలుగా నడుస్తోంది. గాజువాక ఏజెంటు ఇల్లు దాని మీదే నిలబడింది. 2021 జనవరి 27న ప్లాంటును నూరు శాతం అమ్మేస్తామని కేంద్ర మంత్రివర్గ సంఘం తీర్మానించింది. ఆ తర్వాత 2024లో జీతాలు ముక్కలు ముక్కలుగా ఇచ్చారు. కాంట్రాక్టు కార్మికుల్ని విడతలవారీగా తగ్గించారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు, ఆ తర్వాతా స్వచ్ఛంద విరమణ పథకాలు వచ్చాయి. జీతం సగమే వస్తే ముందుగా ఆగేది ఏది? పిల్లల ఫీజు ఆపలేరు, బియ్యం ఆపలేరు. ప్రీమియం ఆగుతుంది, ఇంటి లోను వాయిదా ఆగుతుంది. పాలసీ ల్యాప్సయితే ఏజెంటుకు రావలసిన రెన్యువల్ పోతుంది. ఒక కొలిమి చల్లబడితే ఎంతమంది పొయ్యి ఆరుతుందో ఢిల్లీ లెక్కల్లో రాదు.

ఏజెంటు అంటే అగ్రిగోల్డ్ గుర్తుకు రాని ఇల్లు మన జిల్లాల్లో లేదు. 32 లక్షల మంది ఖాతాదారుల డబ్బు ఇరుక్కున్న ఆ కంపెనీలో ఏజెంట్లుగా చేరినవాళ్లు ఎవరు? బ్యాంకు ఉద్యోగం రానివాళ్లే. పక్కింటివాళ్లతో డబ్బు కట్టించి, కంపెనీ మునిగాక పక్కింటివాళ్లకు మొహం చూపించలేక ఊరు వదిలారు కొందరు, ప్రాణాలే వదిలారు కొందరు. సరైన బ్యాంకు, సరైన కొలువు లేని చోటే ఇలాంటి కంపెనీలు బోర్డు కడతాయి.

ఇక ఫిన్‌టెక్ కబుర్లు. 2000 తర్వాతి సంవత్సరాల్లో హెచ్‌ఎస్‌బిసి ఇక్కడ సేవా కేంద్రం తెరిచినప్పుడు రాత్రి షిఫ్టుకు వెళ్లిన మన పిల్లలు లండన్ ఖాతాదారుల కాగితాలు చూశారు. 2016 చివర్లో ‘ఫిన్‌టెక్ వ్యాలీ’ అని కొత్త పేరు పెట్టారు. రుషికొండ మీద టవర్లు, సదస్సులు, బ్లాక్‌చెయిన్ మాటలు. ప్రభుత్వం మారింది, హోర్డింగ్ మారింది. అలాంటి ఉద్యోగాలు వద్దని మేం అనం. వచ్చిన ప్రతి ఉద్యోగమూ మంచిదే. కాకపోతే లండన్ వాడి ఖాతా చూసే ఉద్యోగం ఆ కంపెనీ దయ, శ్రీకాకుళం రైతు ఖాతా చూసే ఉద్యోగం మన హక్కు. రెండింటినీ ఒకే గాట కట్టి లక్ష ఉద్యోగాలంటూ లెక్క చెబితే ఒప్పుకోం.

ఇప్పుడు మన ఇంటి సంగతి మాట్లాడుకుందాం. ఉద్యమం అనగానే నియామకాలు అంటాం. నియామకాలు అనగానే మన కళ్ల ముందు టీచరు, కానిస్టేబులు, గ్రూప్-2 కదులుతాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్ని ఒకటో జోన్ చేసింది. జిల్లా స్థాయి కొలువుల్లో 80 శాతం స్థానికులకు ఉంచింది. మంచిదే. అది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. బ్యాంకు, బీమా, పోర్టు, ఉక్కు దాని పరిధిలో లేవు. అంటే ఈ నగరంలో ఉన్న పెద్ద కొలువుల్లో చాలాభాగం ఆ గొడుగు బయటే తడుస్తోంది. రాష్ట్రం వచ్చినంత మాత్రాన ఇది సర్దుకుంటుందని చెబితే మేం అబద్ధం చెప్పినట్టే. తెలంగాణను చూడండి. అంత పెద్ద పోరాటం చేసి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నారు. నిజాం కాలంలో 1941లో పుట్టిన వాళ్ల స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. సొంత ముఖ్యమంత్రి ఉండగానే పోయింది. అడగాల్సినవి ముందే రాసి పెట్టుకోకపోతే రేపు మనకూ అంతే.

అడగాల్సిన టైమూ ఇదే. 2025 నవంబర్ 28న అమరావతిలో 15 బ్యాంకులు, బీమా సంస్థల కార్యాలయాలకు కేంద్ర ఆర్థికమంత్రి ఒకేసారి శంకుస్థాపన చేశారు. రాజధాని అక్కడే కాబట్టి ఆఫీసులూ అక్కడే అన్నారు. ఇది న్యాయంగా కనిపించే అన్యాయం. మహారాష్ట్రలో పుణె కేంద్రంగా బ్యాంక్ ఆఫ్ మహారాష్ట్ర నడుస్తోంది. కర్ణాటకలో కార్పొరేషన్ బ్యాంకు, సిండికేట్ బ్యాంకు బెంగళూరులో కాక మంగళూరు, మణిపాల్‌లోనే పెరిగాయి. రాజధానిలోనే బ్యాంకు పెద్దాఫీసు ఉండాలనే చట్టం ఎక్కడా లేదు. రాష్ట్రంలో పోర్టు, ఉక్కు, నౌకా నిర్మాణం, చమురు శుద్ధి ఒక్కచోట ఉన్న నగరం విశాఖ. ఒక్క గ్రామీణ బ్యాంకు హెడ్డాఫీసుకు ఇక్కడ చోటు లేదా? శ్రీకాకుళంలో దాని పాత ఊరికి తిరిగి పంపడానికైనా మనసు రాదా?

మేం అడిగేది ఇంతే. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు హెడ్డాఫీసును, అది కాకపోతే నియామకాలు, బదిలీలు చూసే అధికారంతో ఒక జోనల్ కార్యాలయాన్ని ఉత్తరాంధ్రలో పెట్టాలి. 15 శాతం వాటాదారుగా రాష్ట్ర ప్రభుత్వం ఈ మాట బోర్డులో చెప్పాలి. ఏజెన్సీ బ్రాంచీల్లో కువి, కొండ, సవర తెలిసిన పిల్లలకు క్లర్కు పోస్టులివ్వాలి. బ్యాంకు పరీక్ష తెలుగులో రాసే వీలు గ్రామీణ బ్యాంకులకు 2019లో, ప్రభుత్వ బ్యాంకుల క్లర్కులకు 2021లో ప్రకటించారు. అదే సూత్రాన్ని గిరిజన భాషల దాకా తీసుకెళ్లమంటున్నాం. బ్యాంకు మిత్రల్ని బ్యాంకు సిబ్బందిగా గుర్తించాలి. విశాఖలో మెరైన్ బీమా క్లెయిములు తేల్చే అధికారం ఉన్న కార్యాలయం ఉండాలి.

వీటికి లెక్కలు కావాలి, లెక్కలు మన దగ్గరే ఉన్నాయి. పాఠకుల్లో బ్యాంకు ఉద్యోగులున్నారు, రిటైరైనవాళ్లున్నారు, ఎల్ఐసి ఏజెంట్లున్నారు. మీ బ్రాంచిలో 2005లో ఎంతమంది పనిచేసేవారు, ఇవాళ ఎంతమంది? అప్పుడు ఖాతాలెన్ని, ఇప్పుడెన్ని? రెండు కాగితాల్లో రాసి పంపండి, మీ పేరు బయటపెట్టం. విద్యార్థులకు ఒక పని. ప్రభుత్వ బ్యాంకులు, గ్రామీణ బ్యాంకు, ఎల్ఐసి 2005 సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. దరఖాస్తుకు పది రూపాయలు. ఆరు జిల్లాల్లో మండలానికి ఒక విద్యార్థి తన మండలంలోని బ్రాంచీల్లో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. వచ్చిన జవాబుల్ని బ్రాంచి పేరుతో సహా ఈ పేజీలోనే వారం వారం అచ్చు వేస్తాం. మొదటి జాబితా గాజువాకతో మొదలుపెడతాం.